మెడకు చుట్టుకున్న బెల్టు

కెమెరా బెల్టు చేసే పని ఒకటే: చెయ్యి వదిలినా కెమెరా వదలకుండా చూడటం. ఈ ఒక్క పనికి ప్రతిఫలంగా అది ఫొటోగ్రాఫరు మెడ, భుజం, చొక్కా కాలరు, ఒక్కోసారి పరువు కూడా పుచ్చుకుంటుంది. బేరం లాభమా నష్టమా అన్నది ఊరిని బట్టి ఉంటుంది. తాడేపల్లిగూడేనికి ఎగువన మెట్టలో కెమెరా జారితే నేల మీద పడుతుంది; లెన్సు పోయినా బాడీ దక్కొచ్చు. గణపవరం దగ్గర అలా కుదరదు. బండి ఎటు తిప్పినా పక్కన కాలవ ఉంటుంది, నిడమర్రు వైపు పోతే చేపల చెరువులు, అవీ దాటితే కొల్లేరు. ఇక్కడ జారిన కెమెరాకు నేల దొరకడమే అదృష్టం. నీళ్ళలో పడినదాన్ని బియ్యం డబ్బాలో పూడ్చి వారం రోజులు ఆశపడటం ఆనవాయితీ. వరి పండే దేశం కనక బియ్యానికి లోటు లేదు. కెమెరా బతికి రావడమే అరుదు.

ఫొటోగ్రఫీ తొలిరోజుల్లో ఈ గొడవే లేదు. ఆరో నిజాం కొలువులో ఫొటోలు తీసిన రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలపు కెమెరా పెద్ద చెక్కపెట్టె. గాజు పలకలు, ముక్కాలి పీటతో సహా దాన్ని మోయడానికి మనుషులుండేవారు. దాన్ని మెడలో వేసుకుందామని ఎవరికీ తోచలేదంటే వాళ్ళ తెలివిని మెచ్చుకోవాలి. 1925లో అరచేతిలో పట్టే లైకా బజారుకొచ్చింది. దాని తోలు సంచీకి బెల్టు ఉండేది గాని కెమెరాకు కొక్కేలుండేవి కావు; అవి 1933లో లైకా త్రీ మోడల్‌తో వచ్చాయి. మన ఊళ్ళ స్టూడియోల్లో మాత్రం ఆ తరవాత కూడా చాలాకాలం కెమెరా స్టాండు మీదే కూర్చుంది. ‘‘తల కాస్త ఎత్తండి, గడ్డం దించండి, అలాగే ఉండండి’’ అంటూ ఫొటోగ్రాఫరు ముసుగులోకి దూరేవాడు. మెడనొప్పి అప్పట్లో ఫొటో దిగేవాడిది. బెల్టు వచ్చాక అది తీసేవాడికి బదిలీ అయింది.

యాషికా వంటి రెండు కళ్ళ కెమెరాలు వచ్చినప్పుడు బెల్టుకు నిజమైన గౌరవం దక్కింది. వాటిని బొడ్డు దగ్గర పెట్టుకుని పైనుంచి అద్దంలోకి చూడాలి. బెల్టు మెడలో ఉండగా కెమెరాను కిందికి గట్టిగా లాగి పడితే అది బిగుసుకుని చేతి వణుకు తగ్గుతుంది. ఈ కిటుకు నేటి డిజిటల్ కెమెరాలకూ పనికొస్తుంది, ముఖ్యంగా వెనక తెర చూస్తూ తీసేటప్పుడు. బెల్టు వల్ల ఫొటో బాగుపడే సందర్భం దాదాపుగా ఇదొక్కటే. మిగతావన్నీ ఫొటో పాడవకుండా, కెమెరా పోకుండా చూసే సందర్భాలు.

ఇక బరువు సంగతి. 2017లో వచ్చిన నికాన్ డి850 బ్యాటరీ, కార్డుతో కలిపి 1005 గ్రాములు. పెళ్ళిళ్ళలో దానికి తగిలించే 70-200 లెన్సు 1430 గ్రాములు. నెత్తిన ఫ్లాషు, అందులో నాలుగు బ్యాటరీలు కలిస్తే దగ్గర దగ్గర మూడు కిలోలు. ముహూర్తం రాత్రి రెండింటికి ఉంటే ఈ మూడు కిలోలు సాయంత్రం ఎదురుకోళ్ళ నుంచి తెల్లవారి అప్పగింతల దాకా మెడ వెనక ఎముక మీదే కొలువుంటాయి. అప్పగింతలప్పుడు ఫొటోగ్రాఫరు కళ్ళలో కనబడే తడి అంతా ఆడపిల్ల వెళ్ళిపోతోందని కాదు. వెడల్పు బెల్టు బరువును కాస్త విశాలంగా పంచుతుంది, తగ్గించదు. సాగే నియోప్రీన్ బెల్టు తగ్గించినట్టు భ్రమ కలిగిస్తుంది గాని నడిచేటప్పుడు కెమెరాను పొట్ట మీద ఎగిరిస్తుంది. కొంచెం బొజ్జ ఉన్నవారికి ఇది అదనపు వాయిద్యం.

అందుకే ఇప్పటి కుర్రాళ్ళు అడ్డబెల్టుకు మారారు. ఎడమ భుజం మీదుగా దిగి, కెమెరా కుడి తుంటి దగ్గర వేలాడుతుంది. జంధ్యం పడే దారే ఇది కనక పంతులుగారికి అభ్యంతరం ఉండదు. ఎడమచేతివాటం వాళ్ళు కుడి భుజం మీద వేస్తారు. అది అపసవ్యం, పితృకార్యానికి తగినది. శుభకార్యంలో అలా వేసుకు తిరిగితే పెద్దవాళ్ళెవరో ఒకరు పిలిచి సరిచేస్తారు. ఈ బెల్టుల్లో చాలావాటిని కెమెరా అడుగున స్టాండు కోసం ఉన్న పావు అంగుళం మర చిల్లులో బిగిస్తారు. నడకలో కెమెరా అటూ ఇటూ తిరుగుతూ ఆ మరను తానే కొద్దికొద్దిగా విప్పుకుంటుంది. గంటకోసారి వేలితో తడిమి చూడటం, కెమెరా కొక్కేనికి ఇంకో చిన్న తాడు కట్టుకోవడం తప్పనిసరి.

పెళ్ళిపందిరి బెల్టుకు కఠిన పరీక్ష. సూత్రధారణను దగ్గరగా తీయాలని వంగితే తుంటి దగ్గరున్న రెండో కెమెరా ముందుకు ఊగి తలంబ్రాల పళ్ళెంలో దిగుతుంది. ప్లాస్టిక్ కుర్చీ చెయ్యికి బెల్టు తగులుకుంటే ఫొటోగ్రాఫరు వెంట కుర్చీ, కుర్చీతో అందులో కూర్చున్న మావయ్యగారు కొంతదూరం ప్రయాణం చేస్తారు. ‘‘ఆయ్, ఎక్కడికి బాబూ తీసుకెళ్తున్నారు?’’ అని ఆయన అడగడమూ కద్దు. పసుపు మరక సంగతి చెప్పనక్కర్లేదు, అది బెల్టుతోనే పోతుంది. పంక్తిలో కూర్చున్నాక మెడలోని కెమెరా సరిగ్గా విస్తరి మీదికి వాలుతుంది గనక దాన్ని వీపు మీదికి తిప్పుకోవాలి. అలా తిప్పుకున్నవారి వెనక పులుసు బకెట్టు పట్టుకొచ్చే మనిషి ఉంటాడని మరవకూడదు. చేతికి మాత్రమే వేసుకునే మణికట్టు పట్టీ చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలకు హాయిగా ఉంటుంది. కాకపోతే కలిపి తినే చెయ్యీ అదే.

నికాన్ కంపెనీ బెల్టు మీద పెద్ద పసుపుపచ్చ అక్షరాలుంటాయి. కొన్నవాడు కంపెనీకి జీతం లేని ప్రచారకర్త. ఆడపెళ్ళివారు అక్షరాలను బట్టే ‘‘మంచి కెమెరానే తెచ్చాడు’’ అని తేల్చుకుంటారు కాబట్టి పెళ్ళిలో అవి పనికొస్తాయి. సంక్రాంతి మూడు రోజులూ బరుల దగ్గర అవే అక్షరాలు అపకారం చేస్తాయి. కోడిపందేలు చట్టరీత్యా నేరం. బరి చుట్టూ చేరినవాళ్ళు సెల్‌ఫోన్లను పట్టించుకోరు గాని పసుపు అక్షరాల బెల్టు కనబడగానే పేపరు మనిషి వచ్చాడని ముఖాలు తిప్పేస్తారు. అక్కడ పేరూ ఊరూ లేని నల్ల బెల్టే మేలు.

కొల్లేరు వైపు పోయేవారికి లెక్క వేరు. సరస్సును 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది. కైకలూరు దగ్గర ఆటపాకలో ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్ళు కడతాయి. వాటిని చూడటానికి పడవ ఎక్కాలి. పడవలో బెల్టు ఉండాలా వద్దా అన్నదానికి ఒక్కటే జవాబు, ఉండాలి. పక్షి లేచినప్పుడు అందరూ ఒకే పక్కకి ఒరుగుతారు, అప్పుడు ఒక చెయ్యి పడవ అంచును పట్టుకోకుండా ఉండదు. అడుగున బురద, పైన గుర్రపుడెక్క. మునిగిన కెమెరాను వెతికేవాడికి ముందు చేప దొరుకుతుంది. పొడవాటి లెన్సుకు దాని మీదే కొక్కేలుంటాయి, బెల్టు వాటికే వేయాలి. కెమెరా బాడీకి వేసి వేలాడదీస్తే ఆ బరువంతా రెంటినీ కలిపే మౌంటు మీద పడుతుంది.

తీసెయ్యాల్సిన చోట్లూ ఉన్నాయి. రొయ్యల చెరువు గట్టున తిరిగే ఏరేటరు దగ్గర, కోత మిషను దగ్గర మెడలో బెల్టు వేసుకుని వంగడం కెమెరాకు కాదు, మనిషికే ప్రమాదం. వీడియో గింబల్ చేతుల మధ్య బెల్టు ఇరుక్కుంటే మోటారు పెనుగులాడుతుంది. స్టాండు మీద పెట్టి చీకట్లో ఎక్కువసేపు షట్టరు తెరిచినప్పుడు గాలికి బెల్టు కొట్టుకుంటే చిత్రం అలుక్కుపోతుంది. అలాంటప్పుడు కెనాన్ పాత బెల్టుల మీదున్న చిన్న రబ్బరు ముక్క గుర్తుకు రావాలి. కన్ను పెట్టే కిటికీ గుండా వెనకనుంచి వెలుతురు దూరకుండా దాన్ని అక్కడ తొడగాలి. ఎన్నో ఏళ్ళు మెడలో మోసి, అదేమిటో తెలియకుండానే కెమెరా మార్చేసినవారు ఎక్కువ.

బెల్టు ఉండి కూడా కెమెరా పడిందంటే తరచు తప్పు కట్టిన తీరులో ఉంటుంది. చివరను బకిలు లోపలినుంచి వెనక్కి దూర్చి, పట్టీ కింద అణిచి, ఒకసారి గట్టిగా గుంజి చూడాలి. చివర బయట ఊగులాడుతుంటే అది రోజుకింత జారుతున్నట్టే లెక్క. ఇనుప రింగు ఒరిసి దారం పోగులు లేస్తే కుట్టించుకునే పొదుపు వద్దు, కొత్తది కొనాలి. డెల్టా ఉక్కకు తోలు బెల్టు బూజు పడుతుంది, గుడ్డ బెల్టు చెమట తాగి తెల్లటి ఉప్పు చారలు దేలుతుంది. సబ్బునీళ్ళలో ఉతికి నీడన ఆరేయాలి.

ఇంత జరిగాక కెమెరా అమ్మకానికి వస్తుంది. సెకండ్‌హ్యాండ్ బేరంలో పెట్టెతో వచ్చిన బెల్టు ఇంకా కవరులోనే ఉంటే కెమెరా పెద్దగా వాడలేదని నమ్ముతారు, ధర కొంచెం పలుకుతుంది. కొన్నవాడు కూడా ఆ కవరు విప్పడు, తనూ ఒకనాడు అమ్మాలిగా. మెడకి పాతబజారులో ఇంకోటి చూసుకుంటాడు.