సోయాసూత్రము – సటీకాతాత్పర్యము

మూలం:

సోయా మంచిదేనండీ, కానీ అంత మంచిది కాదు. చూసి తినాలి.

అవతారిక:

ఈ సూత్రానికి కర్త ఎవరో తెలియదు. అపౌరుషేయమని కొందరి నమ్మకం. పొద్దున్నే పార్కులో చేతులూపుకుంటూ నడిచేవారు, పెళ్ళి పంక్తిలో పక్క విస్తరిలోకి తొంగి చూసేవారు, జిమ్ములో అద్దం ముందు నిలబడి భుజాలు చూసుకునేవారు, టీవీలో ఆరోగ్యం చెప్పేవారు అందరూ దీన్ని అక్షరం పొల్లు పోకుండా వల్లిస్తారు. సూత్రం అల్పాక్షరంగా, అసందిగ్ధంగా ఉండాలని లాక్షణికులు చెప్పారు. మొదటి లక్షణం పూర్తిగా కుదిరింది. రెండోదానికి బదులు గంభీరంగా తల పంకించడం ఉంది.

మన మెదక్ సీమలోని కొల్చారం వాడని పేరున్న మల్లినాథసూరి, కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, చెడ్డ వ్యాఖ్యల విషం తలకెక్కి కవి వాక్కు మూర్ఛపోయిందనీ, దాన్ని లేపడానికే తన సంజీవని అనీ చెప్పుకున్నాడు. సోయాచిక్కుడు కూడా సరిగ్గా ఆ విషంతోనే పడి ఉంది. ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని కూడా ఆయన ప్రతిజ్ఞ పట్టాడు. అందులో మొదటి సగానికి నేను కట్టుబడి ఉంటాను.

శాస్త్రారంభంలో అనుబంధ చతుష్టయం చెప్పాలి. విషయం: సోయా. ప్రయోజనం: చెప్పేవారికి పెద్దరికం. అధికారి: అడగకపోయినా చెప్పగలవాడు. సంబంధం: వెతికాను, దొరకలేదు.

ప్రతిపదార్థం:

‘సోయా’. సులభం. వదిలేస్తున్నాను. అయితే పాఠాంతరం ఒకటుంది, అది చెప్పకపోతే పండితులు కోప్పడతారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పాత గ్రంథంలో నూరు గ్రాముల సోయాగింజల్లో 43.2 గ్రాముల ప్రొటీన్ అని ఉంది. అదే సంస్థ 2017లో వేసిన పట్టికల్లో గోధుమరంగు గింజకు సుమారు 36, తెల్ల గింజకు సుమారు 38 అని ఉంది. ఏ పాఠం గ్రహించాలన్నది మనకు చిక్కు. ఏ ప్రతీ తెరవలేదు కనుక సూత్రకారుడికి ఏ చిక్కూ లేదు. ఏ పాఠం తీసుకున్నా కందిపప్పు దీని దరిదాపుల్లోకి రాదని మాత్రం గుర్తుంచుకోవాలి.

‘మంచిదే’. ఇక్కడి ఏకారం అవధారణార్థకం. అంత గట్టిగా నొక్కి చెప్పడానికి కారణం 1999 నాటి ఫలశ్రుతి. ఆ ఏడు అమెరికాలోని ఎఫ్‌డీఏ వారు, సంతృప్త కొవ్వు తక్కువున్న భోజనంతో పాటు రోజుకు 25 గ్రాముల సోయా ప్రొటీన్ తింటే గుండెజబ్బు ముప్పు తగ్గవచ్చని ప్యాకెట్ల మీద అచ్చు వేసుకోనిచ్చారు. 2006లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లెక్కలు తిరగేసి, చెడ్డ కొలెస్టరాల్ తగ్గేది ఏ మూడు శాతమో అని తేల్చింది. 2017లో ఎఫ్‌డీఏ వారే ఆ మాట వెనక్కి తీసుకుంటామని ప్రతిపాదించారు. ఫలశ్రుతిని ఉపసంహరించుకోబోయిన స్తోత్రకర్తలు లోకంలో అరుదు, వారికి నమస్కారం. సోయా దేవుడు కాదని తేలినంత మాత్రాన ఆహారం కాకుండా పోదు. శరీరం తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాలన్నీ సోయాలో ఉన్నాయి. పప్పుల్లో ఈ విషయంలో పాలకూ గుడ్డుకూ ఇంత దగ్గరగా వచ్చేది మరొకటి కనిపించదు.

‘కానీ’. సూత్రానికి ప్రాణం ఇదే. తక్కినదంతా దీనికి పీఠిక. ఈ రెండక్షరాల వెనుక ఉన్నదేమిటని అడిగితే, సూత్రకారుడు గొంతు తగ్గించి, అటూ ఇటూ చూసి, ‘ఆడ హార్మోన్’ అంటాడు. ఆ గుసగుస ఎక్కడ పుట్టిందో చూడాలంటే కొంచెం దూరం పోవాలి. మల్లినాథుడు క్షమించాలి.

మొదట అశ్వమూత్రం. 1932లో మేరియన్, హేసిల్‌వుడ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు చూడి గుర్రాల మూత్రంలోంచి ఒక పదార్థాన్ని వేరు చేసి దానికి ఈక్వాల్ అని పేరు పెట్టారు. అది ఎందుకు అక్కడుందో అప్పుడు ఎవరికీ పట్టలేదు. తరువాత గొర్రెలు. 1940ల మొదట్లో పశ్చిమ ఆస్ట్రేలియాలో రైతులు పచ్చిక బయళ్ళ నిండా ఒక జాతి క్లోవర్ గడ్డిని పెంచారు. ఏపుగా పెరిగింది, మందలు తనివితీరా మేశాయి. అప్పుడు మొదలైంది ఉపద్రవం: గొర్రెలు కట్టడం మానేశాయి, కట్టినవాటికి కాన్పు కష్టమైంది, గర్భసంచులు బయటికి జారాయి, చివరికి విత్తులు కొట్టిన పొట్టేళ్ళకు పాలు దిగాయి. 1946లో బెన్నెట్స్, ఆయన సహచరులు కలిసి ఇది క్లోవర్ వల్లనే అని వ్యాసం రాశారు. ఆ గడ్డిలో ఫార్మోనోనెటిన్ అనే ఐసోఫ్లేవోన్, అంటే ఆడ హార్మోన్‌ను పోలిన పదార్థం ఉంది. గొర్రె పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని మార్చి మార్చి ఏం చేస్తాయనుకున్నారు? ఈక్వాల్! గుర్రం దగ్గర తెగిన కథ గొర్రె దగ్గర ముడిపడింది. ఇంత చక్కటి సంధి చిన్నయసూరి సూత్రాల్లో కూడా నేను చూడలేదు.

ఇక చీతాలు. అమెరికాలోని జంతుప్రదర్శనశాలల్లో చీతాలు పిల్లల్ని కనడం లేదు, పైగా కాలేయ జబ్బుతో చస్తున్నాయి. వాటికి పెడుతున్న మేతలో సోయా ఉందని కెన్నెత్ సెచెల్ బృందం గమనించి 1987లో వ్యాసం ప్రకటించింది. సోయాలోనూ ఐసోఫ్లేవోన్లు ఉన్నాయి, పిల్లి జాతి కాలేయం ఇటువంటి పదార్థాల్ని సరిగా వదిలించుకోలేదు. అడవిలో ఏ చీతా చిక్కుడుకాయలు కోసుకు తినదు కనుక సృష్టి ఆ ఏర్పాటు చేయలేదు. అయినా ఆ వ్యాసం శీర్షికలోనే ‘బహుశా’ అన్న అర్థమిచ్చే మాట ఉంది. మన దాకా వచ్చేసరికి చీతా నిలిచింది, బహుశా లోపించింది. వ్యాకరణంలో దీన్ని లోపసంధి అనవచ్చునేమో, పరిశీలించాలి.

సోయా సంగతి కదూ చెబుతున్నాను. అవును. సోయాలో ఉన్న ఐసోఫ్లేవోన్లు జెనిస్టీన్, డైడ్జీన్. వాటి ఆకారం ఆ ఆడ హార్మోన్, అంటే ఈస్ట్రోజన్‌ను పోలినదే గానీ పని చాలా బలహీనం. మనుషుల్లో డైడ్జీన్‌ను ఈక్వాల్‌గా మార్చే సూక్ష్మజీవులు కొందరి పేగుల్లోనే ఉంటాయి, అందరిలో ఉండవు. నెలల తరబడి ఆ గడ్డే మేసిన గొర్రెకు చెందిన ధర్మాన్నీ, మాంసమే తినవలసిన చీతాకు చెందిన ధర్మాన్నీ ఆదివారం ఒక గరిటెడు మీల్ మేకర్ కుర్మా తినే మనిషికి అంటగట్టడం తర్కంలో అతివ్యాప్తి. పార్కులో దాని పేరు అవగాహన.

‘అంత మంచిది కాదు’. దీనికి సూత్రకారుడు చూపే దృష్టాంతం ఒక పెద్దాయన. సోయా తాగి రొమ్ములు వచ్చాయట. ఆధారం లేకపోలేదు. 2008లో ఒక వైద్య పత్రికలో అరవై ఏళ్ళ అమెరికన్ గురించి నిజంగానే వచ్చింది. ఆయన రోజుకు తాగింది రెండున్నర లీటర్లకు పైగా సోయాపాలు. మానేశాక తగ్గింది. ఇక్కడ స్థాలీపులాక న్యాయం పనికివస్తుందా? పనికిరాదు. ఒక మెతుకు పట్టి చూసి అన్నం ఉడికిందనడం ఎందుకు చెల్లుతుందంటే, మెతుకులన్నీ ఒకే కుండలో, ఒకే ఎసట్లో, ఒకే మంట మీద ఉన్నాయి కనుక. రోజూ లీటర్ల కొద్దీ సోయాపాలు తాగే మనిషి మన కుండలోని మెతుకు కాడు. వేర్వేరు చోట్ల మగవాళ్ళ మీద చేసిన పరీక్షలన్నిటినీ కలిపి 2010లో ఒకసారి, 2021లో మళ్ళీ ఒకసారి లెక్కగట్టారు. టెస్టోస్టెరాన్‌లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు.

నాకు నవ్వు ఆగిపోయేది ఇక్కడే. హాస్టల్ కుర్రాడు తన పళ్ళెంలోకి వచ్చిన మీల్ మేకర్ ముక్కల్ని వేలితో పక్కకు నెట్టి నీళ్ళచారుతో అన్నం తినడం నేను చూశాను. మగతనం పోతుందని ఎవరో అన్నారట. ఎవరో! ఆ పూట అతని పళ్ళెంలో కాస్త గట్టి ప్రొటీన్ అంటూ ఉన్నది ఆ ముక్కలే. రొమ్ము క్యాన్సర్ నుంచి లేచిన ఆడవాళ్ళకు చుట్టాలు ఇదే సూత్రం వినిపిస్తారు. షాంఘైలో ఆ జబ్బు నుంచి బయటపడిన 5,042 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, సోయా ఎక్కువగా తిన్నవారిలో మరణాలూ జబ్బు తిరగబెట్టడమూ తక్కువగానే కనిపించాయి. సోయాయే కాపాడిందని దానర్థం కాదు. భయపెట్టడానికి మాత్రం అందులో చారెడు సరుకు కూడా లేదు. ఈ చుట్టాలు అయిదు నిమిషాలు మాట్లాడి, భోంచేసి వెళ్ళిపోతారు. భయం ఆ ఇంట్లో ఉండిపోతుంది.

తిరిగి వ్యాఖ్యకు వద్దాం. ‘అంత’ అన్నప్పుడు ‘ఎంత’ అన్న ఆకాంక్ష పుడుతుంది. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉంటేనే వాక్యం వాక్యమవుతుందని శాస్త్రం. ఇందులో ఆకాంక్ష తీరలేదు, యోగ్యత సందేహం, ఉన్నది సన్నిధి ఒక్కటే. చెప్పేవాడు మన పక్కనే కూర్చుంటాడు. మీమాంసకులు స్తుతినీ నిందనీ అర్థవాదం అంటారు. అది ఏదో ఒక విధికి అంటుకుని ఉంటేనే దానికి ప్రామాణ్యం. ఎంత తినాలి, ఏ రూపంలో తినాలి, ఎవరు మానాలి అన్న విధి లేని సూత్రం ఎంత శ్రావ్యంగా ఉన్నా అర్థవాదంగానే గాలిలో వేలాడుతుంది.

‘చూసి’. దేన్ని చూడాలో చెప్పలేదు. చూద్దాం.

ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి వైపు రైతులు పండించే సోయాలోంచి మిల్లులో నూనె తీస్తారు. ఇలా నూనె తీశాక మిగిలిన పిండిని వేడిమీద యంత్రంలోంచి నొక్కితే మీల్ మేకర్. అటువంటి పిండినే మొక్కజొన్నతో కలిపి వేస్తే కోళ్ళ దాణా. మీల్ మేకర్ వద్దని చెయ్యి అడ్డం పెట్టినవారు చికెన్ బిర్యానీకి చెయ్యి చాపుతారు. కోడి గుండా వస్తే పవిత్రం, తిన్నగా వస్తే ప్రమాదం! హార్మోన్ల పేరు చెప్పి సోయాను వెలివేసినవారు ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర నూడుల్స్ మీద సోయా సాస్ ధారగా పోయిస్తారు. ఒక పెద్ద చెంచా సాస్‌లో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది, రోజుకు 2,000 దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. చూడవలసినచోట కన్ను మూసుకుంది.

మరికొందరు పరమ సాత్వికులు సోయాగింజలు మొలకెత్తించి పచ్చివే నమలమంటారు. ప్రొటీన్‌ను అరిగించే ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం పచ్చి సోయాలో ఉంది. ఉడికించిన సోయా పెడితేనే ఎలుకలు బాగా ఎదుగుతున్నాయని ఆస్బోర్న్, మెండెల్ 1917లోనే చూపించారు. నూరేళ్ళు దాటినా ఈ కబురు ప్రకృతి వైద్య ఆశ్రమాలకు చేరలేదు.

సూత్రకారుడి పట్ల న్యాయంగా ఉండాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారికి సోయా అడ్డు తగలడం నిజం. అది మాత్రను ఒంటికి సరిగా పట్టనివ్వదు. అయితే కాఫీ, కాల్షియం బిళ్ళ, ఐరన్ బిళ్ళ కూడా అదే పని చేస్తాయి. పరగడుపున మాత్ర వేసుకుని, డాక్టరు చెప్పినంత ఎడం ఇచ్చి తింటే సరిపోయేదానికి జీవితాంతం సోయా మానిపించి, మాత్ర మింగిన వెంటనే చిక్కటి కాఫీ చేతికిచ్చే ఇళ్ళు ఎన్నో. సోయా పడక దద్దుర్లు వచ్చేవారు తినకూడదు. అందులో వ్యాఖ్యకు పని లేదు.

‘తినాలి’. విధ్యర్థకం. సూత్రం మొత్తంలో నిర్దుష్టమైన పదం ఇదొక్కటే.

తాత్పర్యం:

ఎండు మీల్ మేకర్ నూరు గ్రాముల్లో 52 గ్రాముల ప్రొటీన్ అని ప్యాకెట్ మీద ఉంటుంది. అది నానక ముందు లెక్క, నీళ్ళు పీల్చి ఉబ్బాక అంతే బరువులో మూడో వంతు కూడా ఉండదు. గరిటెడు కూరలో పది గ్రాముల ఎండు ముక్కలు పడ్డాయనుకుంటే దక్కేది అయిదు గ్రాములు. 65 కిలోల మగవాడికి రోజుకు 54 గ్రాములు కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. ఆ అయిదు కూడా ప్రమాదమని పక్కన పెట్టించిన సూత్రకారుడు 54 ఎక్కడినుంచి తేవాలో ఉత్తరసూత్రంలో సెలవివ్వాలి. అందాక వడ్డించేవారు నా వైపు రావచ్చు.