చేతుల లెక్క

మీ దగ్గర దాచడం ఎందుకు? మీరూ ఎక్కడో ఒకచోట ఈ పని చేసే ఉంటారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు రేపనగా, ఇవాళ సాయంత్రమే నాలుగు ఫ్లాట్ల తలుపులు తట్టి, “నేను లేచి మాట్లాడగానే మీరు అవునండీ అనండి, చాలు” అని చెప్పి వచ్చుంటారు. నేనూ అదే చేశాను. కాకపోతే మా వీధిలో కాదు, అఫ్గానిస్థాన్ నుంచి పసిఫిక్ దీవుల దాకా నెట్‌వర్కులు నడిపేవాళ్లందరి ముందూ చేశాను.

మాది గోదావరి జిల్లాలో కాలువ చివరి పట్నం. కేబుల్ టీవీ తీగలు లాగడంతో మొదలుపెట్టి, తర్వాత అవే స్తంభాల మీద ఫైబర్ లాగి, ఇంటర్నెట్ ఇచ్చేవాణ్ణయ్యాను. ఈ వ్యాపారంలో గాలివానకి తెగే ఫైబరు ఒక బాధ, నెలాఖరు బిల్లు వసూళ్లు ఇంకో బాధ. వాటికైనా మందుంది. మందు లేదనుకున్నది ఐపీ చిరునామాల కరువు. ఒక్క పబ్లిక్ ఐపీ వెనక వందల ఇళ్లని పెట్టి నెట్టుకొస్తుంటాం. నాట్ అంటాం దాన్ని. బయటి ప్రపంచానికి ఆ వందల ఇళ్లూ ఒకే మనిషిలా కనబడతాయి. అందులో ఎవడో ఒకడు వెధవ పని చేస్తే మిగతా అందరికీ శిక్ష. ఏ సైటు తెరిచినా ట్రాఫిక్ లైట్ల బొమ్మలు చూపించి, నువ్వు మనిషివేనా అని అడుగుతుంది. పోలీస్ స్టేషన్ నుంచి ఫోనొస్తుంది, ఫలానా రోజు ఫలానా నిమిషంలో ఈ ఐపీ వాడినది ఏ ఇల్లు అని. మా వెనక వీధి పిన్నిగారైతే కనబడ్డప్పుడల్లా ఒకటే మాట: “నాయనా, ఆ పబ్లిక్ ఐపీ ఏదో మాకొకటి ఇచ్చేయరాదూ, మా వాడు డాలస్‌లో కూర్చుని మా వాకిలి కెమెరా చూసుకోవాలంట.” అలాగేనండి పిన్నిగారూ అంటాను. ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?

నా చేతిలో ఉన్నవి 512. మా భాషలో స్లాష్ 23. ఇండియాలో ఈ నంబర్లు కేటాయించేది ఇరిన్. నిక్సీ అనే సంస్థ కింద 2012లో మొదలైంది. ఇరిన్‌కి పైన ఏప్‌నిక్ ఉంది, ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ కేంద్రంగా ఆసియా పసిఫిక్ మొత్తానికీ లెక్కలు చూస్తుంది. దరఖాస్తు పెట్టాను, పత్రాలు ఇచ్చాను, 512 వచ్చాయి. వాటితోపాటు కొత్త తరం చిరునామాల ఐపీవీ6 బ్లాక్ కూడా ఇచ్చారు. దాని సంగతి తర్వాత చెప్తాను. ఆ బ్లాక్ ఇచ్చామని వచ్చిన మెయిల్ చదివి పక్కన పడేసిన తీరు తలుచుకుంటే ఇప్పటికీ తల తిరుగుతుంది.

నా కడుపుమంట ఎక్కడ మొదలైందంటే, పాత జాబితాలు చదవడంతో. ఈ పాత తరం చిరునామాలు, అంటే ఐపీవీ4లో, మొత్తమే 429 కోట్లు. తొలిరోజుల్లో ఇవి తరగవనుకున్నారు, అడిగినవాళ్లకి అడిగినంత ఇచ్చారు. ఆపిల్‌కి ఒక కోటి 67 లక్షలు. ఫోర్డ్ కార్ల కంపెనీకి ఇంకో కోటి 67 లక్షలు. ఎంఐటీకి మరో అంతే. ఆ ఎంఐటీయే 2017లో అందులోంచి 80 లక్షలు అమ్ముతున్నట్టు ప్రకటించింది. స్టాన్‌ఫర్డ్ మాత్రం 2000లోనే తన కోటి 67 లక్షలూ తిరిగి ఇచ్చేసింది. నేను స్టాన్‌ఫర్డ్ దగ్గర ఆగాల్సింది. ఆగలేదు. వాళ్లకి కోట్లు, నాకు 512 అన్న ముక్క దగ్గరే నా రక్తం మరిగింది. తెల్లార్లూ నిద్ర లేదు.

మొదట్లో, ఎక్కడో ఒక పెద్ద ఆఫీసరు కూర్చుని వీడికింత, వాడికింత అని సంతకాలు పెడుతుంటాడనుకున్నాను. ఆయనెవరో తెలిస్తే ఒక మాట చెప్పించుకోవచ్చని నాలుగు చోట్ల అడిగాను కూడా. మన ప్రాణానికి సిఫార్సు తప్ప ఇంకో దారి తోచదు కదా. అలాంటి ఆఫీసరెవరూ లేడని తెలిసి నమ్మలేకపోయాను. ఎవరికెన్ని ఇవ్వాలన్న నియమం రాసేది నెట్‌వర్కులు నడిపేవాళ్లే. ప్రతిపాదన ఎవరైనా పెట్టొచ్చు, సభ్యులే కానక్కర్లేదు. ఏప్‌నిక్ సమావేశానికి నాలుగు వారాల ముందు అందరికీ కనబడేలా పెట్టాలి. ముందు ఈమెయిళ్లలో చర్చ, తర్వాత ఏడాదికి రెండుసార్లు జరిగే బహిరంగ సమావేశంలో చర్చ. అక్కడ ఏకాభిప్రాయం కుదిరితే సభ్యుల సమావేశానికి వెళ్తుంది. అక్కడా నిలబడితే ఇంకో నాలుగు వారాలు ఆఖరి అభ్యంతరాలకి గడువు. అదీ దాటాకే కార్యవర్గం ఆమోదం. ఎవరు ఏమన్నారో ప్రతి మాటా బహిరంగంగా ఉంటుంది, పదేళ్ల తర్వాతైనా చదువుకోవచ్చు.

ఇది చదివి మనిషన్నవాడు వినయంగా నాలుగు పాత చర్చలు తిరగేస్తాడు. నాకు మాత్రం ఒంట్లోకి నాయకుడు ప్రవేశించాడు. ఎవరైనా పెట్టొచ్చా? అయితే నేనే పెడతాను. 2019లో కొత్తవాళ్ల వాటాని 1,024 నుంచి 512కి తగ్గించారు. దాన్ని మళ్లీ 1,024 చేయాలని, అప్పటికే 512 తీసుకున్నవాళ్లకి మిగతా సగం ఇచ్చేయాలని ముసాయిదా రాశాను. చిన్న ఆపరేటర్ల కన్నీళ్లు, గ్రామీణ భారతం, పిల్లల ఆన్‌లైన్ చదువులు, ఏదీ వదల్లేదు. రాస్తుంటే నా కళ్లే చెమర్చాయి.

మీ దగ్గర కాబట్టి ఇంకో ముక్క కూడా చెప్పేస్తాను. ఆ ముసాయిదాలో రాయని లెక్క నా మనసులో ఒకటుంది. ఐపీవీ4 చిరునామాలకి మార్కెట్లో ధర ఉంది, ఒక్కోటి పదుల డాలర్లు పలుకుతుంది. ఏప్‌నిక్ దగ్గర మిగిలిన, 103తో మొదలయ్యే ఆఖరి బ్లాక్‌లోంచి తీసుకున్నవి అయిదేళ్ల దాకా ఎవరికీ బదిలీ చేయకూడదన్న నియమం ఉంది. అయిదేళ్లు. మా అమ్మాయి ఇంజనీరింగ్ అయిపోయేది సరిగ్గా అప్పటికే. ఆ రెండూ పక్కపక్కన పెట్టుకుని కాగితం వెనక గుణకారం చేశాను. పిల్లల ఆన్‌లైన్ చదువుల గురించి కన్నీళ్లు పెట్టుకున్న చేత్తోనే చేశాను.

ఇక మద్దతు. మా ఆపరేటర్ల వాట్సాప్ గ్రూపు ఉంది. అందులో పిలుపిచ్చాను: నేను ముసాయిదా చర్చకి పెడుతున్నాను, మీరందరూ మద్దతు రాయాలి, ఏం రాయాలో నేనే ఇస్తాను. మనవాళ్లు స్నేహానికి ప్రాణమిచ్చే రకం. ఒక్కరు కూడా ముసాయిదా చదవలేదు, ఒక్కరు కూడా కాదనలేదు. ముసాయిదా వెళ్లింది. గంట తిరక్కుండా మెయిళ్లు మొదలయ్యాయి. ఒకటి, రెండు, పది, అన్నీ నాకే జై. నేను చేతులు లెక్కపెట్టుకుంటున్నాను, టీ తాగుతున్నాను, మళ్లీ లెక్కపెట్టుకుంటున్నాను. గెలిచేశాననుకున్నాను, గ్రూపులో దండాలు పెట్టాను, మా ఆవిడకి చెప్పాను, ఆవిడ సరే అన్నం తినమంది, తినబోతూ ఫోన్ చూశాను, ఇంకో మెయిలొచ్చింది, మద్దతుగా నేనిచ్చిన వాక్యమే ఉంది, దాని పైన నేను గ్రూపులో పెట్టిన సూచన కూడా యథాతథంగా ఉంది: ఇది కాపీ చేసి, కింద మీ పేరూ కంపెనీ పేరూ మార్చి పంపండి. అది జపాన్‌లో చదివారు, వియత్నాంలో చదివారు, ఫిజీలో చదివారు. వెనక్కి తీసుకోవడానికి లేదు. అన్నం ముద్ద అలాగే చేతిలో ఉండిపోయింది.

ఎవరో ఒకరు తిట్టుంటే బాగుండేది. ఎవరూ తిట్టలేదు. ఒక పసిఫిక్ దీవి నుంచి ఒకావిడ నాలుగే వాక్యాలు రాసింది. మా దేశంలో రెండో ఇంటర్నెట్ కంపెనీ ఇంకా పుట్టనే లేదు. అది పుట్టే రోజుకి ఈ బ్లాక్‌లో ఏదో కొంత మిగలాలనే కదా అందరం కలిసి వాటాలు తగ్గించుకున్నది. ఇప్పుడు ఉన్నవాళ్లకే రెట్టింపు ఇస్తే, రేపు వచ్చేవాళ్లకి ఏమిస్తారు? ఇదీ ఆవిడ అడిగింది.

చర్చ నడిపే అధ్యక్షుడు, ఆయనా జీతం లేని స్వచ్ఛంద సేవకుడే, మద్దతు రాసినవాళ్లందరినీ ఉద్దేశించి ఒక్క ప్రశ్న వేశాడు: ఈ అభ్యంతరానికి మీ సమాధానం ఏమిటి? ఆ రోజు సమాధానం రాలేదు. మర్నాడూ రాలేదు. అంతమంది మద్దతుదారుల్లో ఒక్కరికీ సమాధానం తెలీదు. నాకే తెలీదు, వాళ్లకెలా తెలుస్తుంది?

అప్పుడు కూర్చుని చదివాను, ముందే చదవాల్సినవి. ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ వాళ్లు ఓట్లు వేయరు. గదిలో అవుననేవాళ్లు గొంతులోనే హుమ్ అంటారు, కాదనేవాళ్లు విడిగా హుమ్ అంటారు. అదైనా గాలి ఎటుందో తెలుసుకోవడానికే, లెక్కపెట్టడానికి కాదు. ఈ పద్ధతి గురించి పీట్ రెస్నిక్ 2014లో రాసిన పత్రం ఒకటుంది. వందమంది అవునన్నా, అయిదుగురు చెప్పిన కారణానికి జవాబు లేకపోతే ఏకాభిప్రాయం కుదిరినట్టు కాకపోవచ్చని వాదిస్తాడు. మందిని పోగేసుకొచ్చి అవుననిపించడం గురించి కూడా అందులో ఉంది. నన్ను చూసే రాశాడా అనిపించింది. ఏప్‌నిక్‌లోనూ చేతులెత్తమనడం గది అభిప్రాయం తెలుసుకోవడానికే. చిన్న అభ్యంతరాలుంటే ప్రతిపాదన ఆగదు. పెద్ద అభ్యంతరం ఒక్కటున్నా, దానికి జవాబు చెప్పకుండా ముందుకు పోదు.

నాకు ఇంకా లోతుగా గుచ్చుకున్నది వేరే ఉంది. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలో మిగిలిన ఆఖరి అయిదు బ్లాకుల్ని అయిదు ప్రాంతీయ సంస్థలకీ తలా ఒకటి పంచేశారు. అదే ఏడాది ఏప్రిల్ 15 నాటికి ఏప్‌నిక్ ఆ ఆఖరి బ్లాక్ దగ్గరికి వచ్చేసింది. అది రాకముందే ఈ ప్రాంతంవాళ్లు కూర్చుని మాట్లాడుకుని, ఇక ఎంత పెద్ద కంపెనీ అయినా అందులోంచి 1,024కి మించి తీసుకోకూడదని ఒప్పుకున్నారు. అప్పటికి నేను కేబుల్ టీవీలో సీరియళ్లు వేసుకుంటున్నాను. ఐపీ అంటే ఏమిటో తెలీదు. నాలాంటివాడు ఎప్పుడో వస్తాడని, వాడికీ కొన్ని ఉండాలని, ముఖం తెలియని నా కోసం వాళ్లు ఆపుకున్నారు. అమెరికా ప్రాంతపు ఏరిన్ దగ్గర నిల్వ 2015 సెప్టెంబరులోనే అయిపోయింది. నాకొచ్చిన ఆ 512, నేను చిన్నచూపు చూసిన ఆ 512, వాళ్లు వదిలిన వాటా. పైగా నేను పళ్లు నూరిన ఆపిల్, ఫోర్డ్ నంబర్లని ఏప్‌నిక్ నియమాలు తాకనే తాకవు, అవి ఈ ప్రాంతానివే కావు.

మా నాన్న కాలువ శివారు రైతు. పైవాళ్లు నీళ్లు కట్టేసుకుంటే మా చేను ఎండేది. తూముల దగ్గర జరిగిన గొడవల్లో ఆయన గొంతు చిన్నప్పుడు విన్నవాణ్ణి. ఆ ఇంట్లో పుట్టి, ఎగువ రైతుగా మారడానికి నాకు ఒక్క ముసాయిదా సరిపోయింది.

ముసాయిదా వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. ఆ దీవి ఆవిడకి విడిగా క్షమాపణ రాస్తే, అందులో క్షమాపణ చెప్పేదేం లేదు, మీ నాట్ కష్టం మాకూ ఉంది, ఐపీవీ6 ఎంతవరకు వచ్చింది అని అడిగింది. ఆ ప్రశ్నకీ నా దగ్గర జవాబు లేదు. పక్కన పడేశానన్న మెయిలు అప్పుడు వెతికాను. ఇరిన్ ఇచ్చిన ఐపీవీ6 బ్లాక్ స్లాష్ 32. అందులోంచి 65,536 మందికి తలా ఒక స్లాష్ 48 ఇవ్వొచ్చు. ఆ ఒక్కో స్లాష్ 48లోనూ మళ్లీ 65,536 నెట్‌వర్కులు పడతాయి. మా పట్నం, చుట్టుపక్కల మండలాలు, వాటికి పుట్టబోయే కాలనీలు, అన్నీ కలిపినా ఒక మూలకి రావు. అంత నిధి ఇన్‌బాక్స్‌లో పెట్టుకుని 512 కోసం ఊరంతటినీ కూడగట్టాను.

దాన్ని నడిపించడం తేలిగ్గా ఏం జరగలేదు. ఇళ్లలో పెట్టిన పాత ఓఎన్‌టీ పెట్టెలు కొన్ని సహకరించలేదు, మా కుర్రాళ్లు ఆ పొడుగాటి చిరునామాలు చూసి బెదిరిపోయారు. కాని యూట్యూబు, ఫేస్‌బుక్ లాంటి పెద్ద సైట్ల రద్దీ చాలామటుకు ఐపీవీ6 మీదికి మళ్లింది, నాట్ మీద ఒత్తిడి తగ్గింది. ట్రాఫిక్ లైట్ల ఫోన్లు తగ్గాయి. మిగిల్చుకున్న ఐపీవీ4లోంచి ఒకటి పిన్నిగారికి ఇచ్చాను. ఆవిడ వాకిట్లో ముగ్గు వేస్తుంటే డాలస్‌లో వాళ్లవాడు చూసుకుంటున్నాడు.

ఒక సంగతి తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ బాధగా ఉంటుంది. 2016 నవంబరులో ఐకాన్ 57వ సమావేశం హైదరాబాద్‌లోనే, హెచ్ఐసీసీలో జరిగింది. డొమైన్ పేర్ల వ్యవస్థని, ఈ నంబర్ల పైస్థాయి లెక్కల్ని చూసే సంస్థ అది. ప్రవేశం ఉచితం. చివరి రోజుల్లో పెద్ద నోట్లు రద్దయి, వచ్చిన విదేశీయులు చేతిలో 500 కాగితాలతో తెల్లబోయి నిలబడ్డారు. ఆ వారం నేను హైదరాబాద్‌లోనే కేబుల్ సామాను బేరమాడుతున్నాను. అదంతా కోట్లు తొడుక్కున్నవాళ్ల వ్యవహారం, మనకెందుకని గేటు దాకా కూడా వెళ్లలేదు. వెళ్లి నోరుమూసుకుని వెనక వరసలో కూర్చున్నా, ఈ పనులు ఎలా జరుగుతాయో కళ్లారా చూసేవాణ్ణి.

మీలో చిన్న ఆపరేటర్లెవరైనా ఉంటే నాదొక మనవి. ఇరిన్ ఇచ్చిన మీ ఐపీవీ6 బ్లాక్ ఎక్కడుందో ఇవాళే వెతికి పట్టుకోండి. ఏప్‌నిక్ తర్వాతి విధాన సమావేశానికి ఇంటి నుంచైనా హాజరవ్వండి, ఆన్‌లైన్‌లో పాల్గొనొచ్చు. ఇంగ్లీషు తడబడుతుందని ఆగకండి, అక్కడ సగంమందికి అది పరాయి భాషే. ఏ ప్రతిపాదన మీద మాట్లాడినా, దానివల్ల మీ నెట్‌వర్కులో ఏం జరుగుతుందో మీ మాటల్లో చెప్పండి. ఎవరైనా మెయిలు రాసిచ్చి మీ పేరు పెట్టి పంపమంటే, పంపకండి. అలా అడిగేది నేనైనా సరే.