ఇంటి కంప్యూటర్‌కు టూ ప్లస్ టూ

మా కడప జిల్లాలో ఒకప్పుడు మనిషి స్థాయి తెలియాలంటే ఎకరాలు అడిగేవాళ్లు కాదు, వెనకాల గన్‌మెన్ ఎందరని చూసేవాళ్లు. సర్కారు ఇచ్చిన వన్ ప్లస్ వన్ ఉంటే పెద్దమనిషి. టూ ప్లస్ టూ అయితే నాయకుడు. అది చాలక సొంత జీతం మీద ఇంకో నలుగురిని సుమోలో తిప్పుతుంటే, ఆయన పేరు పలకడానికే ఊరు దడిసేది. ఆ కాలం పోయింది. బాంబులను సినిమావాళ్లు పట్టుకుపోయారు, సుమోలు పాత ఇనప సామాన్ల అంగడికి చేరాయి. అలవాటు మాత్రం పోలేదు. పిల్లోడి చదువుకని కంప్యూటర్ తెచ్చి ఇంట్లో దించగానే మావాళ్ల మొదటి ప్రశ్న: "దీనికి గన్‌మన్ యాడ?"

గన్‌మన్ అంటే యాంటీవైరస్. విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే డిఫెండర్ సర్కారు గన్‌మన్. ఏడాదికింత అని కట్టి తెచ్చుకునేవాడు సొంత గన్‌మన్. ఇద్దరిలో ఎవరు మేలు?

పులివెందులకు ఉచితం విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసి, వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం పెట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి అక్కడి ఎమ్మెల్యేనే. ఆ కరెంటుతో చీనీ తోట తడుపుకుంటున్న రైతన్నే, ఉచిత యాంటీవైరస్ అనగానే మొహం చిట్లిస్తాడు: "ఫ్రీగా వచ్చేదాంట్లో ఏముంటాదన్నా?" పాపం డిఫెండర్ తప్పు ఒక్కటే, అది అరవదు. 2012లో విండోస్ 8తో పాటు వచ్చి మూలన కూర్చుంది, నేటికీ అక్కడే ఉంది. జర్మనీలోని మాగ్డెబర్గ్‌లో ఏవీ-టెస్ట్ అనే సంస్థ యాంటీవైరస్‌లన్నిటికీ పరీక్ష పెట్టి మార్కులేస్తుంది. అందులో డిఫెండర్ కొన్నేళ్లుగా డబ్బు కట్టించుకునేవాళ్ల పక్కనే పైవరసలో కూర్చుంటోంది. అయినా మనకు నమ్మకం కుదరదు. పూటకోసారి ఎర్రడబ్బా చూపించి "మీరు ప్రమాదంలో ఉన్నారు" అని బెదిరిస్తేనే కాపలా కాస్తున్నట్టు లెక్క.

ప్రొద్దుటూరు సంగతి వేరు. రెండో బొంబాయి అని పేరు పడ్డ ఊరు. అక్కడ బంగారం అంగట్లో హాల్‌మార్క్ చూసి, తరుగు మీద గంటసేపు, మజూరి మీద ఇంకో గంట బేరమాడే ఆసామి ఇంటికొచ్చి రెన్యూవల్ కిటికీ తెరుచుకోగానే రేటు కూడా చూడకుండా ఓకే నొక్కుతాడు. మొదటి ఏడు తగ్గింపు ధర, రెండో ఏడు అసలు ధర అన్న కిటుకు ఆయనకు తెలియనిది కాదు. తన అంగట్లో తానే ఎన్నోసార్లు వాడి ఉంటాడు.

అదే కంప్యూటర్ మూత తీసి చూడండి. విండోస్ దొంగది. లెక్కల సాఫ్ట్‌వేర్ క్రాక్‌ది. తెలుగు ఫాంట్లు పక్క వీధి డీటీపీ సెంటర్ నుంచి పెన్‌డ్రైవ్‌లో నడిచొచ్చినవి. ఇన్ని దొంగ సరుకుల మధ్య బిల్లుతో కొన్నది యాంటీవైరస్ ఒక్కటే. ఆ గన్‌మన్ నిజాయితీగా క్రాక్ ఫైలు కాలర్ పట్టుకుంటే, రిపేరు పిల్లోడు ఏమంటాడు? "వాడు మనోడేలే అన్నా, కాసేపు ఇతన్ని ఆఫ్ చెయ్."

జమ్మలమడుగులో ఇంకో వేడుక. అప్లికేషన్ ప్రింటు కోసం జిరాక్స్ అంగడికి పోయిన పెన్‌డ్రైవ్ ఒంటరిగా తిరిగి రాదు. పోయేటప్పుడు ఫోల్డర్లు, వచ్చేటప్పుడు అన్నీ షార్ట్‌కట్‌లు. అంగడాయన్ని అడిగితే "మాది పెయిడ్ యాంటీవైరస్ అన్నా" అంటాడు గర్వంగా. పెయిడే. గడువు తీరి ఎన్నాళ్లయిందో మాత్రం అడక్కూడదు.

ఇక గన్‌మెన్ల చరిత్ర చూద్దాం. చెక్ దేశపు అవాస్ట్ ఉచితంగా కాపలా కాస్తూ, యజమాని ఏ వెబ్‌సైట్‌కు ఎప్పుడు పోయాడో రాసిపెట్టుకుని జంప్‌షాట్ అనే తన అనుబంధ సంస్థ ద్వారా అమ్ముకుంది. 2020 జనవరిలో గుట్టు రట్టయితే ఆ అంగడి మూసింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1.65 కోట్ల డాలర్లు కట్టించింది. అందుకే ఉచితం వద్దంటారా? డబ్బు తీసుకునే నార్టన్ 2021లో మన కంప్యూటర్‌తోనే క్రిప్టో కరెన్సీ తవ్వుకునే సదుపాయం పెట్టింది. యజమాని సరేనంటే తవ్వకం మొదలు, రాబడిలో 15 శాతం గన్‌మన్ వాటా. స్వదేశీ అంటారా? మన ఈస్కాన్ అప్‌డేట్లు రక్షణ లేని దారిలో వస్తుంటే, నడిదారిలో దొంగలు తమ సరుకు కలిపి పంపారని 2024 ఏప్రిల్‌లో లోకానికి తెలిసింది. ఆ దొంగతనాన్ని పట్టుకున్నదెవరో తెలుసా? పైన చెప్పుకున్న అవాస్టే!

అసలు సిసలు పాఠం 2017 మేలో వచ్చింది. వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా ఫైళ్లకు తాళాలేసి, తాళంచెవికి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో అడిగింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. నాయకులకు గన్‌మెన్లను పంపే శాఖకే ఆ రోజు గన్‌మన్ కరువయ్యాడు. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. పైసా ఖర్చు లేదు. "రిమైండ్ మీ లేటర్" అని నొక్కినవాళ్లే దొరికిపోయారు.

కాబట్టి తీర్పు వినండి. అసలైన విండోస్, ఆగకుండా అప్‌డేట్లు, దాంట్లోనే ఉన్న డిఫెండర్: ఇంటి కంప్యూటర్‌కు ఇవి చాలు. పదిమంది చేతులు పడే అంగడి కంప్యూటరైతే, ఫోన్ చేస్తే పలికే మనిషి కావాలనుకుంటే డబ్బు పెట్టండి, తప్పులేదు. 2025 అక్టోబర్ 14తో సపోర్టు ముగిసిన విండోస్ 10 మీద మాత్రం కొత్త యాంటీవైరస్ కొని మురిసిపోకండి, ముందు కిందిదాన్ని మార్చుకునే దారి చూడండి. వైరస్ చేరిందని అనుమానముంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ స్వచ్ఛతా కేంద్రం 2017 నుంచి శుభ్రం చేసే టూల్స్ ఉచితంగానే ఇస్తోంది.

రెన్యూవల్‌కు దాచిన డబ్బుకు ఇంకాస్త కలిపి ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి కొనండి. ఫోటోలు, లెక్కలు అందులోకి ఎక్కించి, తీగ పీకి బీరువాలో పెట్టండి. ఇక ఫోన్‌లో ఎవడో "సార్, బ్యాంకు నుంచి" అనగానే ఓటీపీ చదివి వినిపించే అలవాటుంటే, మీకు టూ ప్లస్ టూ కాదు, బెటాలియన్‌ను దించినా లాభం లేదు. అప్పటికే వినిపించేసి ఉంటే ఈ కాలమ్ పక్కన పెట్టి వెంటనే 1930కి ఫోన్ చేయండి.