మౌసు కదలాలి, జీతం కదలక్కర్లేదు

2024లో ఐటీ కంపెనీ కాగ్నిజెంట్ ఇంజినీరింగ్ కాని డిగ్రీవాళ్లకు ఏడాదికి 2.52 లక్షలు ప్రకటించింది. నెలకు 21 వేలు, అదీ కోతలకు ముందు.

2025లో అదే కంపెనీ గురించి మరో వార్త: 5 నిమిషాలు మౌసు, కీబోర్డు కదలకపోతే 'ఖాళీ' అని రాసుకునే సాఫ్ట్‌వేర్ కొందరి మీద పెట్టారట. పనితీరు కొలవడానికి కాదట. మరి, సరదాకేమో!

ఇలాంటి నిఘా కొత్తేం కాదు. కోయంబత్తూరు తెలుగు ఇళ్లలో తాతలు మిల్లు మేస్త్రీని చూసినవాళ్లే. ఆయనా వెనకే నిలబడి కాపలా కాసేవాడు. పాపం, మధ్యలో టీకైనా వెళ్లేవాడు.

ఇప్పుడు ఐటీలో ఉన్న మనవరాలు ఆలోచించడానికే జంకుతోంది. ఆలోచన వస్తే చెయ్యి ఆగుతుంది కదా! అందుకే ఒక చేత్తో మౌసు తిప్పుతూ, రెండో చేత్తో ఇడ్లీ తింటోంది.

ఐటీలో కొత్తవాళ్ల జీతాలు చాలావరకు పదేళ్లుగా దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. వాటిని 'ఖాళీ' అని రాసుకునే సాఫ్ట్‌వేర్ ఇంకా రాలేదు.