తలుపు పక్క పెద్దమనిషి

అరవై దాటిన మగవాళ్ళలో ఒక తెగ ఉంది. పెళ్ళికి వెళ్తే వీరి చూపు మొదట పోయేది పీటల మీదికి కాదు, ఫంక్షన్ హాల్లో బాత్రూము ఏ మూల ఉందా అని. సభకు పిలిస్తే ముందు వరుస మర్యాదను వినయంగా వద్దని తలుపు పక్క కుర్చీలో కూలబడతారు. చూసినవాళ్ళు ‘ఎంత నిగర్వి!’ అని మెచ్చుకుంటారు. రైల్లో కింది బెర్తు అడిగేది మోకాళ్ళ నొప్పుల కోసమంటారు. ఆర్టీసీ బస్సెక్కే ముందు ఒకసారి ఒంటికి వెళ్ళొచ్చి, ఎందుకైనా మంచిదని ఇంకోసారి వెళ్ళొస్తారు. బస్సు కదలగానే డ్రైవరుతో చుట్టరికం కలుపుతారు, టీకి ఎక్కడ ఆపుతాడో కూపీ లాగడానికి. గుట్టుగా దాచామనుకున్న ఆ సంగతిని అర్ధరాత్రి ఫ్లష్ చప్పుడు ఇంటిల్లిపాదికీ చాటుతూనే ఉంటుంది.

ఇన్ని ఏర్పాట్లు చేసుకోగల ఘనుడు డాక్టరుతో రెండు మాటలు చెప్పలేకపోవడమే విడ్డూరం. రోగం కంటే దాన్ని దాచడానికే ఆయన ఎక్కువ కష్టపడుతున్నాడు. అసలు సంగతి చూస్తే, మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ప్రోస్టేటు అనే గ్రంథి ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు సుమారు 20 గ్రాములు తూగేది, ఏళ్ళు గడిచేకొద్దీ పెరిగి నాళాన్ని నొక్కుతుంది. దాంతో ధార సన్నబడుతుంది, మొదలవడానికి నిరీక్షణ తప్పదు, అయ్యాక కూడా ఇంకా మిగిలినట్టే ఉంటుంది. యాభైల్లో ఉన్నవారిలో దాదాపు సగం మందికి, 80 దాటినవారిలో పదింట ఎనిమిది మందికి ఈ పెరుగుదల ఉంటుంది. అంటే పరువు కోసం ఆయన దాస్తున్నది, పక్క కుర్చీ ఆయన కూడా దాస్తున్నదే.

వయసుతో వచ్చినదానికి మందేమిటని ఆయన వాదం. కంట్లో శుక్లమూ వయసుతో వచ్చిందే. దానికి ఆపరేషన్ చేయించుకుని, ఆ కళ్ళతోనే ఇప్పుడు ‘పురుషులు’ బోర్డు వెతుకుతున్నారు. నీళ్ళు మానేశాను కదా అంటారు. పగలంతా దాహంతో ఎండితే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత చికాకు పెడుతుంది, మలబద్ధకం దానికి తోడవుతుంది. పగలు సరిపడా తాగి, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందు తగ్గించుకోవాలి, సాయంత్రం కాఫీతో సహా. డాక్టరు దగ్గరికి వెళ్తే కత్తి తీస్తాడని భయం. చాలామందికి ముందు ఇచ్చేవి మాత్రలే. టామ్సులోసిన్ అక్కడి కండరాన్ని సడలించి రోజుల్లోనే ఊరటనిస్తుంది, లేచి నిలబడేటప్పుడు కళ్ళు తిరగకుండా మాత్రం చూసుకోవాలి. ఫినాస్టరైడ్ గ్రంథినే కుదిస్తుంది, కానీ నెలలు పడుతుంది. క్యాన్సర్ అంటారేమోనన్నది లోపలి దిగులు. ఈ పెరుగుదల క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. అయితే రెండూ ఒకరికే ఉండవచ్చు, షుగరు కూడా ఇలాగే పరుగులు పెట్టిస్తుంది. ఏది ఏదో తేల్చేది పరీక్షే, పక్కింటాయన సలహా కాదు. జలుబుకని సొంతంగా కొనుక్కున్న మాత్ర కూడా ఒక్కోసారి దారి పూర్తిగా మూసేస్తుంది. పొత్తికడుపు ఉబ్బి చుక్క కూడా రాకపోతే, లేదా రక్తం కనిపిస్తే, ఆలోచించకుండా ఆసుపత్రికి పోవాలి.

ఇక మిగిలింది సిగ్గు. దానికీ వైద్యులు ఉపాయం చూశారు. ఏడు ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తం 35. నోరు విప్పకుండా టిక్కు పెడితే చాలు. ఎన్నింటికి ఎంత తాగారు, ఎన్నింటికి ఎంత పోశారు అని మూడు రోజులు రాసుకు రమ్మంటారు కూడా. పాల లెక్కా, కరెంటు మీటరు రీడింగూ తేదీలవారీగా రాసుకునే పెద్దమనిషికి ఇదొక లెక్కా? మార్జిను కొట్టి, ఫెయిర్ కాపీ తీసి, కింద సంతకం పెట్టి మరీ తెస్తారు. నకలొకటి బీరువాలో భద్రంగా ఉంటుంది.