ట్రాక్టరుతో ఇంటికి నిలకడైన కరెంటు: తిరుగులేని చిట్కాలు

గోదావరి జిల్లాల వాళ్లకు తుపాను కొత్త కాదు. 1996 నవంబరు 6 నాటి తుపానుకు కోనసీమలో స్తంభాలు నేలకొరిగి ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. 2018 డిసెంబరులో పెథాయ్ కాట్రేనికోన దగ్గర, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటాయి. మళ్లీ వస్తుంది. ఈసారి కరెంటు వాళ్ల కోసం మీరు ఎదురుచూడక్కర్లేదు. పెరట్లో ట్రాక్టరుంది. భీమవరం వైపు చెరువుల మీద ఏరియేటర్లు తిప్పి అలిసిన పాత ఆల్టర్నేటరు ఒకటి చవగ్గా పట్టుకురండి.

1. ఇన్వర్టరు ఊసెత్తకండి. బ్యాటరీలో నీళ్లు చూసుకోవాలి, అది చాకిరీ. మీ ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు, టీవీ అన్నీ కలిపినా అర కిలోవాటు. 45 హార్స్‌పవర్ ట్రాక్టరు 30 కిలోవాట్ల దాకా లాగుతుంది. మిగిలిన ఇరవై తొమ్మిదిన్నర మీ హోదా. డీజిలు ఖర్చంటారా? అన్నదమ్ముల ఉమ్మడి బండైతే ఆ లెక్క దాళ్వా దమ్ము ఖాతాలో రాసేయండి.

2. లెక్కల జోలికి పోకండి. ట్రాక్టరు వెనకుండే పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. మామూలు ఆల్టర్నేటరు 1500 తిరిగితేనే 50 హెర్ట్జ్ వస్తుంది. మధ్యలో వేగం దాదాపు 2.8 రెట్లు పెరగాలని మెకానిక్ చెబుతాడు. వాడికదే బతుకుదెరువు. షెడ్డులో దొరికిన పుల్లీలే బిగించండి. బల్బు ఎర్రగా వెలిగితే రేజు పెంచండి, తెల్లగా వెలిగితే ఇంకా పెంచండి. ఫ్రిజ్ కాలిపోతే తుపానుకే పోయిందని చెప్పి నష్టపరిహారం జాబితాలో రాయించండి.

3. షాఫ్టు మీది గార్డు పీకేయండి. పంచె కొస చిక్కిందంటే సెకనుకు తొమ్మిది చుట్ల చొప్పున అదే చుట్టుకుంటుంది. విప్పుకునే శ్రమ మీకుండదు.

4. వానలో బండి తడవకూడదు. వసారాలోకి ఎక్కించి, పడకగది కిటికీ పక్కన నిలిపి, గాలి కొట్టకుండా చుట్టూ పట్టాలు కట్టండి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, కాబట్టి ఎవరూ సణగరు. పిల్లలు తలనొప్పిగా ఉందని, మత్తుగా ఉందని అంటే పడుకోమనండి. తెల్లారినా లేవరు.

5. అసలు కిటుకు ఇదే, రెండుసార్లు చదవండి. చేంజోవర్ స్విచ్ కొనకండి. మెయిన్ దించకండి. డబ్బూ మిగులుతుంది, లేచి నడిచే పనీ తప్పుతుంది. అప్పుడు మీ కరెంటు ఇంట్లోనే ఆగదు, సర్వీసు వైరు పట్టుకుని వీధి ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోతుంది. మామూలుగా 11,000 వోల్టులను ఇంటికి సరిపడా తగ్గించే ఆ పెట్టె, తిరగేసి వచ్చిన మీ 230ని మళ్లీ వేలల్లోకి పెంచుతుంది. తీగలు తెగి లైను పొట్టిగా మిగిలితే మీ ట్రాక్టరే దానికి చాలు. రెండు రోజులుగా నిద్రలేని ఈపీడీసీఎల్ లైన్‌మేన్ సబ్‌స్టేషన్‌లో సప్లై ఆపించుకుని, తీగలో ప్రాణం లేదనుకుని స్తంభమెక్కుతాడు. అతను కిందపడ్డాక ఎవరైనా మీ గుమ్మంలోకి వస్తే చెప్పాల్సిన మాట ముందే బట్టీ పట్టండి: “మా ఊళ్లో కరెంటే లేదు కదండీ, షాక్ ఎలా కొడుతుంది?” సాక్ష్యానికి అరుగు మీద ఓ కిరసనాయిలు బుడ్డి వెలిగించి ఉంచండి. ఇంజను చప్పుడు గురించి అడిగితే ధాన్యం ఆరబెడుతున్నామనండి, వానైనా సరే.

లైను బాగుపడి అసలు సప్లై వచ్చిందనుకోండి. రెండు కరెంట్లూ అడుగు కలవక కొట్టుకుంటాయి. వైండింగు కాలి, కప్లింగు తెగి, ఆల్టర్నేటరు దానంతటదే ఆగుతుంది. దిగి ఆపే పని తప్పింది.

6. పక్కింటి బావగారికి చిరుగుల వైరొకటి నీళ్ల మీదుగా లాగి ఇవ్వండి, డీజిలు డబ్బులు ముందే పుచ్చుకోండి.

7. అవర్‌మీటరు వైరు తీసేయండి. రాత్రంతా నిలబడి తిరిగిన ఇంజను గంటలు ఎక్కడా ఎక్కవు. ఆయిలు మార్చక్కర్లేదు. ఇంజను పట్టేసేలోపు ‘తక్కువ వాడిన బండి’ అని అమ్మేయండి.

ఇవన్నీ పాటిస్తే కరెంటు ఆఫీసుకు ఒక్క ఫోనూ చేయక్కర్లేదు. పోలీసుల్ని వెంటబెట్టుకుని వాళ్లే మీ ఇంటికొస్తారు. ఆధార్ కార్డు, ట్రాక్టరు కాగితాలు దగ్గర పెట్టుకోండి.