నీలో ఏ తప్పూ లేదు

ఓ ఐదు సీట్ల కారూ, నీ మంచితనం నోరారా చెప్పుకోవాలని చాన్నాళ్లుగా ఉంది. హిందూపురంలో ఇంకా తెల్లవారక ముందే తాళం తిప్పితే అలగకుండా బయలుదేరతావు. పెనుకొండలో నా పనిచోటు దాకా నలభై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఒక్కరోజైనా మొండికేయలేదు. పక్క సీట్లో టిఫిన్ క్యారియరు, వెనక సీట్లో ల్యాప్‌టాప్ సంచి. వాటికీ మనిషికిచ్చినంత చోటిస్తావు.

నీ దానగుణం ఇంకా గొప్పది. ఒక్కరెక్కినా నలుగురెక్కినా నువ్వు తాగే పెట్రోలు దాదాపు అంతే. లీటరుకు పదిహేను కిలోమీటర్లు వస్తావనుకుంటే రానూపోనూ 80 కిలోమీటర్లకు ఐదు లీటర్ల పైచిలుకు. లీటరు పెట్రోలు కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. రోజుకు 12 కిలోలు. 26 పనిదినాల నెలకు దాదాపు 320. నలుగురెక్కితే తలా 80 కిలోలే. మిగతా ముగ్గురికీ చోటు నువ్వు ఉంచావు. తలుపు తెరవనిది నువ్వు కాదు.

నీ ముందు పోయే ఆర్టీసీ బస్సునూ పొగడాలి. డీజిల్ లీటరుకు ఐదు కిలోమీటర్లే వచ్చినా యాభై మంది ఎక్కితే అదే 80 కిలోమీటర్లకు మనిషికి కిలో కూడా పడదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు ఛార్జీ కూడా లేదు. ఇక రైలు. హిందూపురాన్నీ పెనుకొండనూ ధర్మవరాన్నీ ఒకే దారిన కలుపుతూ కరెంటు మీద నడుస్తుంది. షిఫ్టు వేళలూ దాని వేళలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసి చూడటానికి ఒక్క పూట చాలు. ఆ పూట మాకింకా దొరకలేదు.

ధర్మవరం నేతన్నకు ఇవేవీ అక్కర్లేదు. గుంట మగ్గం ఇంట్లోనే. లేచి పదడుగులు వేస్తే పనిచోటు. ఆ సున్నాను ఎవరూ లెక్క రాసుకోలేదు, సన్మానమూ చేయలేదు.

మా పనిచోట కర్బన లెక్కలు రాసేవాళ్ల శ్రద్ధ కూడా నిజమైనదే. గేటు లోపల వెలిగే ప్రతి లైటుకూ, జనరేటరు తాగే ప్రతి లీటరుకూ లెక్కుంది. ఉద్యోగుల రాకపోకలకు, ఈ లెక్కలకు ప్రమాణమైన జీహెచ్‌జీ ప్రోటోకాల్ స్కోప్ 3లో, అంటే పరోక్ష ఉద్గారాల పద్దులో, ఏడో విభాగం కేటాయించింది. అడగాల్సింది నాలుగు మాటలు: ఎక్కణ్ణుంచి, దేంట్లో, ఎంతమందితో, వారానికి ఎన్నిరోజులు. నేను పనిచేసే చోట ఆ నాలుగూ నన్నెవరూ అడగలేదు. గేటు దగ్గర కాపలా ఆయన మాత్రం రోజూ నీలం పెన్నుతో నీ నంబరు, వచ్చిన వేళ రాసుకుంటాడు. లోపల ఎంతమంది ఉన్నారో రాయడానికి గడి లేదు.

నిన్న ఆగి, ఆ పుస్తకంలో ఇంకో గడి గీయమని అడిగాను. స్కేలు పెట్టి గీశాడు. వంగి లోపలికి చూసి, నీ నంబరుకెదురుగా 1 అని రాశాడు.